ముందు గుర్తుల పట్టిక

మన డబ్లిన్ తెలుగు కుటుంబాల విందుల్లో నా వృత్తి అడిగినవారికి "పైపుల పటాలు చదవడం" అంటే నవ్వుతారు. పైపింగ్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ డయాగ్రమ్ రిఫైనరీకి జాతకచక్రం లాంటిది. ఏ గొట్టం ఎటు పోతుందో, ఏ వాల్వును ఏ పరికరం నడుపుతుందో అన్నీ అందులోనే.

సున్నా చుట్టి లోపల ఎఫ్.ఐ.సి. అని రాస్తే ప్రవాహాన్ని చూపుతూ అదుపుచేసే పరికరం. సున్నాలో అడ్డగీత ఉంటే అది కంట్రోల్ రూములో ఉన్నట్టు, లేకుంటే బయట పైపు దగ్గర ఉన్నట్టు. ఒకప్పుడు ఎవరి గుర్తులు వారివే. ఇన్‌స్ట్రుమెంట్ సొసైటీ ఆఫ్ అమెరికా 1949లో ఒక పద్ధతి సూచించింది. ఎన్నో సవరణలతో అదే నేటి 5.1 ప్రమాణమైంది.

విశాఖలో నేర్చిన గుర్తులు నాకిక్కడా పనికొచ్చాయి. 1957లో విశాఖ రిఫైనరీ ప్రారంభించిన కాల్టెక్స్‌లో భాగస్వామి నేటి షెవ్రానే. 1902లో మొదలైన మన పొరుగు రిచ్‌మండ్ రిఫైనరీ కూడా వారిదే.

ఇవి వట్టి బొమ్మలు కావు. వాల్వును నడిపే గాలి ఆగిపోతే, ఎఫ్.ఓ. అని ఉన్నది తెరుచుకుంటుంది, ఎఫ్.సి. అని ఉన్నది మూసుకుంటుంది. కొలిమికి ఇంధనం పంపే వాల్వు మూసుకోవాలి, చల్లబరిచే నీటిది తెరుచుకోవాలి. ఒక్క అక్షరం తారుమారైతే ప్రాణాలమీదికొస్తుంది.

ప్రమాణం ఉన్నా కంపెనీలు తమ చేర్పులు చేసుకుంటాయి. అందుకే పటాల కట్టలో ముందుగా గుర్తుల పట్టిక ఉంటుంది. ఈ రంగంలోకి వచ్చే మన పిల్లలకు చెప్పేదొకటే: ఎంత అనుభవమున్నా ముందు ఆ కాగితం చదవండి. అర్ధరాత్రి షిఫ్టులో ఉన్న ఆపరేటరు, పటం గీసినవారిని నిద్రలేపి అర్థం అడగలేడు కదా!