మా పంటి పునశ్చికిత్స

దేహములోని యవయవము లన్నిటిలోను దంతములను మనము మిక్కిలి చులకనగా చూతుము. కన్ను నొచ్చినచో ఆనాడే వైద్యుని యొద్దకు పరుగెత్తుదుము; పన్ను నొచ్చినచో లవంగము నొక్కిపెట్టి నెల గడుపుదుము. మేమును అట్టివారమే. ఒకే పంటికి రెండుమారులు చికిత్స చేయించుకొనవలసి వచ్చిన మా యనుభవము విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఉపయోగపడునను తలంపుతో ఇచట వ్రాయుచున్నాము.

మాది నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు. సిద్ధులగుట్ట చెంతనున్న ఈ యూరిలో పసుపే పంట, పసుపే మాట. దుంపలు త్రవ్వి, ఉడికించి, ఎండబోసి, పొడవైన కొమ్ములను కాడి యనియు, గుండ్రని వానిని గోళ యనియు వేరుచేసి, నిజామాబాదు మార్కెట్టునకో, మహారాష్ట్రములోని సాంగ్లీకో తరలింతురు. మేము బాపు అని పిలుచు మా తండ్రిగారు పసుపుకొమ్మును చూచి మెచ్చుకొనువారు కారు, విరిచి చూచువారు. "పైరంగు జూసి మోసపోవద్దు బిడ్డా, ఇరిస్తెనే లోపలి సంగతి తెలుస్తది" అని చెప్పెడివారు. ఈ మాట మా పంటికిని వర్తించునని మాకు చాలకాలము తోచలేదు.

ఏడేండ్ల క్రిందట మా పైవరుసలో ఎడమవైపు దవడపన్ను పుచ్చిపోయెను. చల్లని నీరు త్రాగిన ప్రాణము పోవునట్లుండెను. పంటి నడుమ నరములు, రక్తనాళములు గల మెత్తని గుజ్జుండును. అది వేళ్లలోని సన్నని దారులగుండ ఎముక వఱకు వ్యాపించును. క్రిములు ఆ గుజ్జును చేరినపుడు దానిని తీసివేసి, దారులను శుభ్రపరచి, పూడ్చివేయుటయే రూట్ కెనాల్ చికిత్స. ఒక పట్టణమున దానిని చేయించుకొంటిమి. నొప్పి మాయమయ్యెను. ఇట్టి పన్ను పెళుసుబారును గనుక కొలది వారములలో తొడుగు వేయించుకొమ్మని వైద్యుడు హెచ్చరించెను. ఆ యేడు పసుపు ధర పడిపోయెను. నొప్పి తీరినది గదా, పంట యమ్మిన పిమ్మట చూతమంటిమి. పంట అమ్మితిమి, తొడుగు మరచితిమి.

ఐదేండ్లు గడచెను. ఆ పంటిపై చిగురున ఒక చిన్న పొక్కు లేచి, చీము కారి, అణగి, మరల లేచుచుండెను. మాత్రలతో కాలము గడపితిమి. తుదకొక నాటి యుదయమున చెంప వాచి, తరగతిలో నోరు తెరచి పాఠము చెప్పలేకపోతిమి. "పీకేయిస్తే పీడ పోతది" అని బాపు తీర్మానించిరి. మా తల్లిగారు మాత్రము, "ఉన్న పన్ను ఇలువ పోయినంక తెలుస్తది కొడుకా" అనిరి. ఆమె నొప్పి పుట్టినపుడెల్ల పన్ను పీకించుకొని, ఇప్పుడు జొన్నరొట్టెను పులుసులో నానవేసికొనిగాని తినజాలరు. ఆ రాత్రి ఆమె పళ్లెమును చూచి, హైదరాబాదు పోవ నిశ్చయించితిమి.

పీకించుటయే మేలను తలంపు మన పల్లెలకే పరిమితము కాదు. 1910లో విలియం హంటరను బ్రిటిషు వైద్యుడు మాంట్రియల్ నగరమున నోటి క్రిములే అనేక రోగములకు మూలమని ఉపన్యసించెను. అటుపిమ్మట కొన్ని దశాబ్దములు పాశ్చాత్య దేశములలో లెక్కలేనన్ని పండ్లు పీకివేయబడినవి. తరువాతి పరిశోధనలు ఆ విపరీత ధోరణిని త్రోసిపుచ్చినవి.

హైదరాబాదు వైద్యురాలు మొదట ఎక్స్-రే పటము తీయించెను. 1895లో రాంట్జెన్ పండితుడు కనుగొనిన ఆ కిరణములే, బాపు కొమ్మును విరిచినట్లు, పంటి లోగుట్టును బయటపెట్టెను. వేరు కొనయొద్ద ఎముక కరగిన నల్లని నీడ యుండెను. ఈ పంటికి సాధారణముగా మూడు వేళ్లుండును. కాని చెంపవైపు ముందువేరులో పెక్కుమందికి రెండవ దారి యొకటి దాగియుండునట. అది వెండ్రుకవలె సన్ననిది. మొదటిమారు అది చిక్కలేదు. తొడుగు లేకపోవుటచే పై పూత చిట్లి, ఉమ్మితోపాటు క్రిములును లోనికి దిగినవి. అనగా, తప్పు సగము పంటి నిర్మాణముది, సగము మాది.

ఆమె మూడు మార్గములు చెప్పెను: మరల శుద్ధిచేయుట, వేరుకొనకు శస్త్రము చేయుట, పన్ను తీసివేయుట. పునశ్చికిత్స సుమారు నాల్గింట మూడువంతులు ఫలించును గాని, తప్పక ఫలించునని మాట యీయజాలనని స్పష్టముగా చెప్పెను. ఆ నిజాయితీయే మాకు ధైర్యము కలిగించెను.

దవడకు మత్తుసూది వేసి, పంటిచుట్టు రబ్బరుతెర బిగించి, సూక్ష్మదర్శినితో పని మొదలిడిరి. దారులలో పూడ్చినది గట్టాపర్చా యను వృక్షనిర్యాసము. మలయా ప్రాంతపు చెట్లపాలనుండి వచ్చు ఈ పదార్థమును 1867 నుండియు దంతమూలములను పూడ్చుటకు వాడుచున్నారు. దానిని వేడిచేతను, సన్నని ఆకురాళ్లచేతను కొంచెము కొంచెముగా వెలికి తీసిరి. కట్టుటకంటె కట్టినదానిని విప్పుటకే యెక్కువ కాలము పట్టెను. రెండు గంటల కడపట దాగిన దారి కనబడెను. దారులన్నిటిని క్రిమిసంహారక ద్రవముతో కడిగి, ఒకవిధమైన సున్నపుముద్ద నుంచి మూసిరి. అది మన తాంబూలపు సున్నపు జాతిదే. 1920లో హెర్మన్ అను జర్మను వైద్యుడు దీనిని దంతవైద్యమున ప్రవేశపెట్టెను.

రెండు వారములకు చిగురు పొక్కు మానెను. అప్పుడు దారులను మరల పూడ్చిరి. ఈమారు తొడుగునకు ఆలస్యము చేయలేదు. ఎఱ్ఱజొన్న విత్తనము లమ్మిన సొమ్ము బాపే తెచ్చి చేతిలో పెట్టి, "ఈసారి అర్ధము పని జెయ్యకు" అనిరి.

ఏడాది పిమ్మట తీసిన పటములో ఆ నల్లని నీడ చిన్నదయ్యెను; పూర్తిగ పోలేదు. ఎముక నిండుటకు కొందరికి నాలుగేండ్లైనను పట్టవచ్చునట. కనుక మరల పటము తీయించుకొన పోవలసియున్నది. అయినను, ఎడమవైపున జొన్నరొట్టె నమలుచున్నాము.

విద్యార్థులారా! నొప్పి తగ్గుట వేఱు, రోగము కుదురుట వేఱు. క్రింది తరగతిలో అర్థము కాక దాటవేసిన లెక్క పై తరగతిలో చెంప వాచినట్లు బయటపడును. అప్పుడు సిగ్గుపడక, మూసినదానిని తెరచి, మొదటినుండి శుద్ధి చేసికొనుడు. వైద్యుడు చెప్పిన కడపటి పనిని మాత్రము పంట యమ్మువఱకు వాయిదా వేయకుడు. మా తల్లిగారు నేడును రొట్టెను పులుసులో నానవేసికొనుచు, మేము నమలు చప్పుడు విని నవ్వుదురు.