చేతులు మారే చోట

వార్డు నుంచి ల్యాబ్‌కు ఫోన్ వచ్చింది. సింగరేణి కాలనీ నుంచి కాళ్ల వాపులతో వచ్చి చేరిన పెద్దావిడకు రక్తంలో పొటాషియం 8.1 అని రిపోర్టు వెళ్లింది. 3.5 నుంచి 5.1 మధ్య ఉండాల్సిన అంకె అది. 8 దాటిందంటే గుండె ఏ క్షణంలోనైనా లయ తప్పవచ్చు. డ్యూటీ డాక్టరమ్మ ఇన్సులిన్, గ్లూకోజు సిద్ధం చేయించింది. కానీ ఎక్కించే ముందు ఆగి మాకు ఫోన్ చేసింది. "సార్, ఈసీజీ నార్మల్‌గా ఉంది. పేషెంటు మంచం మీద కూర్చుని చాయ్ తాగుతోంది. ఈ నంబరు నమ్మబుద్ధి కావట్లేదు" అంది.

అదే శాంపిల్‌లో కాల్షియం చూశాం. 8.5కు తగ్గకూడనిది 4.3 ఉంది. నిజంగా అంత పడిపోతే చేతులు కొంకర్లు పోతాయి, ఫిట్స్ వస్తాయి. పొటాషియం అంత పైన, కాల్షియం అంత కింద ఒకేసారి కనిపిస్తే ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఊదారంగు మూత ట్యూబు. రక్తకణాల లెక్కకు వాడే ఆ ట్యూబులో, రక్తం గడ్డకట్టకుండా పొటాషియం ఈడీటీఏ అనే లవణం ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, తనలోని పొటాషియాన్ని రక్తంలో కలుపుతుంది.

వార్డుకు వెళ్లి అడిగితే సంగతి తెలిసింది. ఆవిడకు నరం దొరకడం కష్టమైంది. ఎర్రమూత ట్యూబుకు రక్తం చాలలేదు. ముసలావిడను మళ్లీ గుచ్చడం ఎందుకని, కొత్తగా చేరిన సిస్టర్ ఊదామూత ట్యూబులోంచి కాస్త అందులోకి ఒంపింది. రెండో చేతి నుంచి తాజాగా తీసిన రక్తంలో పొటాషియం 4.4 వచ్చింది. ఆ ఇన్సులిన్ ఎక్కించి ఉంటే బాగున్న పొటాషియం పడిపోయేది, షుగరూ పడిపోయేది. లేని జబ్బుకు చేసిన వైద్యమే ఆమెకు జబ్బయ్యేది.

హైదరాబాద్ సైదాబాద్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్ బాధ్యత చూసే పాథాలజిస్టుగా నేను పదేపదే గమనించింది ఇదే. రిపోర్టు తేడాగా వస్తే అందరూ "మెషీన్ ఖరాబైందా?" అని అడుగుతారు. మెషీన్ చాలావరకు బాగానే ఉంటుంది. రోగి చేతి నుంచి ట్యూబులోకి, ట్యూబు నుంచి ల్యాబ్‌లోకి, ల్యాబ్ నుంచి డాక్టరు చెవిలోకి విషయం చేతులు మారే చోట తప్పు పుడుతుంది.

మెషీన్ లోపలి కొలతను నమ్మదగినదిగా చేయడానికి వందేళ్లుగా ఎందరో శ్రమించారు. వాళ్లలో మనవాడూ ఉన్నాడు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కెతో కలిసి ఫాస్ఫరస్‌ను రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని ప్రచురించాడు. దశాబ్దాల పాటు ప్రపంచమంతటా ల్యాబ్‌లు ఆ పద్ధతిని వాడాయి. 1950లో లెవీ, జెన్నింగ్స్ అనే ఇద్దరు ఫ్యాక్టరీల్లో వాడే కంట్రోల్ చార్టును ఆసుపత్రి ల్యాబ్‌లోకి తెచ్చారు. 1981లో జేమ్స్ వెస్ట్‌గార్డ్, ఆయన సహచరులు ఆ చార్టును ఎలా చదవాలో నియమాలు ఏర్పరిచారు. ఇప్పటికీ ప్రతి ఉదయం రోగుల శాంపిళ్లకన్నా ముందు, విలువ తెలిసిన కంట్రోల్ ద్రవాన్ని మెషీన్లో పెడతాం. ఫలితం సగటుకు మూడు ఎస్‌డీల (ప్రామాణిక విచలనాల) అవతల పడినా, వరుసగా రెండుసార్లు ఒకే వైపు రెండు ఎస్‌డీలు దాటినా రిపోర్టులు ఆపేస్తాం. వెల్లూరు సీఎంసీ నడిపే కార్యక్రమం కింద, విలువ మాకు చెప్పకుండా పంపే శాంపిళ్లనూ పరీక్షించి జవాబులు పంపుతాం. మిగతా ల్యాబ్‌లతో పోలిస్తే ఎక్కడున్నామో దాంతో తెలుస్తుంది.

ఇంత కాపలా ఉంది కాబట్టే మెషీన్ తప్పులు తగ్గాయి. ఇటలీలోని పాడువా ఆసుపత్రిలో ప్లెబానీ, కరారో ల్యాబ్ తప్పులను ఒక్కొక్కటిగా లెక్కగట్టి 1997లో ప్రచురించారు. నూటికి 68 తప్పులు శాంపిల్ మెషీన్లోకి వెళ్లకముందే జరిగాయి. పరీక్ష చేసేటప్పుడు జరిగినవి 13 మాత్రమే. మిగతావి ఫలితం వచ్చాక జరిగాయి. పదేళ్ల తర్వాత అక్కడే మళ్లీ చూస్తే మొత్తం తప్పులు తగ్గాయి గాని, పరీక్షకు ముందు జరిగేవి అప్పుడూ నూటికి 62 దాకా ఉన్నాయి.

మా దగ్గర ఆ తప్పులకు ఈ ఊరి రంగు ఉంటుంది. సైదాబాద్, మాదన్నపేట, సంతోష్‌నగర్, చంపాపేట నుంచి వచ్చేవాళ్లలో ఒకే ఉదయం ఇద్దరు ఫాతిమా బేగంలు, ముగ్గురు లక్ష్మమ్మలు ఉండటం మామూలే. "మీరు లక్ష్మమ్మేనా?" అని అడిగితే వినపడని పెద్దావిడ కూడా తల ఊపుతుంది. ఒకసారి కాన్పుకు చేరిన అమ్మాయి రక్తం గ్రూపు మా ల్యాబ్‌లో బీ పాజిటివ్ అని వచ్చింది. ఆమె పాత కార్డులో ఓ పాజిటివ్ అని ఉంది. మా టెక్నీషియన్ రిపోర్టు ఆపి మళ్లీ శాంపిల్ అడిగాడు. అదే పేరున్న అమ్మాయి పక్క మంచంలోనే ఉంది. ఇద్దరి రక్తమూ తీసి, ట్యూబులకు చీటీలు మాత్రం నర్సుల టేబుల్ దగ్గరికి వెళ్లాక అంటించారు. పొరపాటు గ్రూపు రక్తం ఎక్కితే ప్రాణమే పోవచ్చు. ఇప్పుడు చీటీ మంచం పక్కనే అంటించాలి. పేరు, వయసు రోగి నోటితోనే చెప్పించాలి. రక్తం ఎక్కించాల్సి వస్తే వేర్వేరు సమయాల్లో తీసిన రెండు శాంపిళ్లలో గ్రూపు ఒకటే రావాలి.

రంజాన్ నెలలో ఫాస్టింగ్ షుగర్ రిపోర్టులు కొన్ని అనుకోకుండా ఎక్కువగా వచ్చేవి. ఉదయం తొమ్మిదికి వచ్చిన పెద్దాయనను "ఏమైనా తిన్నారా?" అని అడిగితే "లేదు, రోజాలో ఉన్నా" అనేవాడు. ఆయన మాట నిజమే. కానీ తెల్లవారుజామున సహరీలో కడుపునిండా తిని అయిదు గంటలు కూడా కాలేదు. ఈ పరీక్షకు కనీసం 8 గంటలు కావాలి. లోపం మా ప్రశ్నలో ఉంది. "ఆఖరిసారి ఎన్ని గంటలకు తిన్నారు?" అని అడగడం మొదలుపెట్టాక ఆ చిక్కు తీరింది. అవసరమైనవారికి ఉపవాసంతో పనిలేని హెచ్‌బీఏ1సీ చేస్తున్నాం.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన తప్పు ఎండాకాలంలో వస్తుంది. ట్యూబులోకి వచ్చాక కూడా రక్తకణాలు బతికే ఉంటాయి, గ్లూకోజును తింటూనే ఉంటాయి. సీరం వేరు చేయకుండా వదిలేస్తే మామూలు గది వేడిలోనే గంటకు 5 నుంచి 7 శాతం షుగర్ తగ్గుతుంది. ఒక చిన్న క్లినిక్‌లో పొద్దున తీసిన శాంపిల్ మే నెల ఎండలో బండి మీద తిరిగి తిరిగి మధ్యాహ్నానికి చేరితే, డయాబెటిస్ ఉన్న మనిషికి లేదని రిపోర్టు వెళ్లే ప్రమాదం ఉంది. ఈ సంగతి ఇప్పుడు మరీ ముఖ్యం. 2018లో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఆవరణలో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రం మొదలయ్యాక, బస్తీ దవాఖానాల్లో ఇచ్చిన రక్తం పెద్ద ల్యాబ్‌కు వెళ్తోంది. పేదలకు ఉచితంగా పరీక్షలు అందడం గొప్ప మేలు. ఆ మేలు నిలవాలంటే ట్యూబు ప్రయాణాన్నీ పరీక్షలో భాగంగానే చూసుకోవాలి.

డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్ల అంకె ఇళ్లకు ఇళ్లను వణికిస్తుంది. జ్వరం తగ్గి తిరుగుతున్న ఒక విద్యార్థికి 38 వేలు అని మెషీన్ చూపింది. అన్నలు దాతల కోసం ఫోన్లు మొదలుపెట్టారు. ఒంటి మీద ఎర్రచుక్క లేదు, చిగుళ్ల నుంచి రక్తం లేదు. మా టెక్నీషియన్ స్లైడు వేసి మైక్రోస్కోపు కింద చూస్తే ప్లేట్‌లెట్లు గుత్తులు గుత్తులుగా అతుక్కుని ఉన్నాయి. కొందరి రక్తంలో ఈడీటీఏ తగలగానే ఇలా జరుగుతుంది. మెషీన్ ఆ గుత్తులను ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టలేదు. సిట్రేట్ ఉన్న నీలిమూత ట్యూబులో మళ్లీ తీసి లెక్కిస్తే లక్షా డెబ్భై వేలు. అందుకే అనుకోకుండా తక్కువ వచ్చిన ప్లేట్‌లెట్ల అంకె ఏదీ స్లైడు చూడకుండా మా గుమ్మం దాటదు.

రిపోర్టు సరిగ్గా వచ్చాక కూడా ఒక చెయ్యి మారాలి. ప్రాణాపాయం సూచించే ఫలితాన్ని డాక్టరుకు వెంటనే చెప్పాలన్న పద్ధతిని 1972లో లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ లుండ్‌బర్గ్ ముందుకు తెచ్చాడు. మా దగ్గర ఒక రాత్రి టెక్నీషియన్ ఫోన్‌లో "పొటాషియం రెండు పాయింట్ ఒకటి" అన్నాడు. "మూడు పాయింట్ ఒకటి, రాసుకున్నా" అంది సిస్టర్. విన్నదాన్ని తిరిగి చెప్పాలన్న నియమం ఉండబట్టి అక్కడికక్కడే దిద్దుకున్నారు. చెప్పినవారి పేరు, విన్నవారి పేరు, సమయం రాస్తేనే ఆ కాల్ ముగిసినట్టు.

మళ్లీ ఆ ఊదామూత ట్యూబు సిస్టర్ దగ్గరికి వస్తాను. విషయం బయటపడగానే మెమో ఇవ్వాలన్నారు కొందరు. నేను వద్దన్నాను. ఆమె చేసిన పనిలో నిర్లక్ష్యం లేదు, రోగి మీద జాలి ఉంది. ట్యూబులో ఏముందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అడగగానే దాచకుండా చెప్పింది కాబట్టే అరగంటలో నిజం తేలింది. మెమో ఇచ్చి ఉంటే తర్వాతి సిస్టర్ "ఏమో సార్, నాకు తెలియదు" అనేది. మరుసటి వారం అన్ని వార్డుల సిస్టర్లనూ ల్యాబ్‌కు పిలిచి, ఏ రంగు మూత కింద ఏముంటుందో, ఏది ముందు ఏది వెనక నింపాలో చూపించాం. తిప్పి పంపిన శాంపిళ్లకు ఒక రిజిస్టరు పెట్టాం. అందులో వార్డు, సమయం, కారణం ఉంటాయి, తీసినవారి పేరు ఉండదు. దాన్ని చదివితేనే రక్తకణాలు చితికిన శాంపిళ్లు ఎక్కువగా ఎమర్జెన్సీ నుంచి వస్తున్నాయని తెలిసింది. సిరంజిలో లాగిన రక్తాన్ని సూది తీయకుండా ట్యూబులోకి గట్టిగా నెడుతున్నారు. పద్ధతి మార్పించాక అవి తగ్గాయి.

రోగులకు నా విన్నపం ఒకటే. పేరు రెండుసార్లు అడిగినా, మళ్లీ రక్తం ఇవ్వాలన్నా విసుక్కోకండి. మీ కోసమే అడుగుతున్నారు. తోటి డాక్టర్లకూ ఒక మాట. రిపోర్టు మనిషితో పొసగకపోతే మందు రాసే ముందు ల్యాబ్‌కు ఫోన్ చేయండి. శాంపిల్ తిప్పి పంపారని కోప్పడకండి. ఇక ఆసుపత్రి యాజమాన్యాలకు. మన దేశంలో ల్యాబ్ నాణ్యతకు ఇచ్చే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఎవరిష్టం వారిది. అది తెచ్చుకోండి, మంచిదే. కానీ లక్షలు పోసి కొత్త మెషీన్ కొనే ముందు, రక్తం తీసే వాళ్లకు శిక్షణ ఇవ్వండి, వాళ్ల జీతం పెంచండి, జరిగిన తప్పు చెప్పినా ఉద్యోగం పోదన్న ధైర్యం ఇవ్వండి. మా ల్యాబ్ మెరుగుపడిన ప్రతిసారీ ఆ మార్పు వాళ్ల దగ్గరే మొదలైంది.