తెర మీద కనిపించని లైనింగ్

‘ది బిగ్ బ్లూ’ చూసినవాళ్ళకి అమోర్గోస్ దీవిని కొత్తగా పరిచయం చెయ్యనక్కర్లేదు. 1988లో లూక్ బెస్సన్ తీసిన ఆ చిత్రం మొదట్లో, నలుపు తెలుపుల్లో కనిపించే గ్రీకు సముద్రం అక్కడిదే. ఆ కథలోని జాక్, ఎన్‌జో పాత్రలకి మూలం నిజం మనుషులే. జాక్ మయోల్ 1976లో ఒక్క ఊపిరితో 100 మీటర్ల లోతు తాకిన మొదటి మనిషి!

ఆ నీలాన్ని కళ్ళారా చూద్దామని పిరేయస్ రేవులో స్టీమరెక్కాను. కతాపొలలో దిగి, కొండ దాటి అవతలికి వెళితే హొజోవియోతిస్సా మఠం... కొండచరియకి తెల్లటి గోడ అంటించినట్టుంది. దాని దిగువనే అగియా అన్నా తీరం. కాసిని రాళ్ళు, ఓ చిన్న గుడి, ఆపైన అంతా నీలమే.

సినిమాలో హీరోకి చలెయ్యదు. నాకు వేసింది!

ఫ్రీడైవింగ్ నేర్పేచోట అద్దె సూట్లు వేలాడుతున్నాయి. పైకి అన్నీ ఒకేలా నల్లగా ఉన్నాయి. తేడా అంతా లోపలే. ఒకదానికి నైలాన్ లైనింగ్, ఇట్టే తొడుక్కోవచ్చు. రెండోదానికి అసలు లైనింగే లేదు. కోసిన రబ్బరు నురుగే నేరుగా ఒంటికి తగులుతుంది. ‘ఓపెన్ సెల్’ అంటారు. సబ్బునీళ్ళు పోస్తేగానీ ఒంటికెక్కదు. ఎవడు పడతాడా అవస్థ అని నైలాన్‌దే పట్టుకున్నాను.

మొదటి మునక బ్రహ్మాండం. నాలుగోదానికి పళ్ళు టకటకలాడాయి. నైలాన్‌కీ ఒంటికీ మధ్య దూరిన నీళ్ళు, కదిలినప్పుడల్లా పోయి కొత్త చన్నీళ్ళు వస్తున్నాయి. గాలికన్నా నీరు ఇంచుమించు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. పైగా వణికే కండరాలు ఆక్సిజన్ తినేస్తాయి. ఊపిరి బిగబట్టినవాడికి అదే కదా ఆస్తి! తాడు పట్టుకుని ఎనిమిది మీటర్ల దగ్గరుండగానే ఛాతీ ఎగిరెగిరిపడింది. గబగబా పైకొచ్చాను.

“ఇవాళ్టికి చాలు. మీ పెదాలు సముద్రం రంగుకొచ్చాయి” అన్నాడు పక్కనే ఉన్న కోచ్.

మర్నాడు ఓపెన్ సెల్ తొడిగాను. చర్మం మీద చర్మంలా అతుక్కుంది. గంటసేపున్నా వణుకు లేదు! విప్పేటప్పుడు మాత్రం గోరు తగిలి చంక దగ్గర పర్రున చిరిగింది. అద్దెతోపాటు అతుకు ఖర్చూ నాదే.

లోపల లోహపు పూత పూసిన రకం కూడా ఉంది. ఓపెన్ సెల్‌కన్నా సులువుగా జారుతుంది. చిరుగుడు భయం మాత్రం తప్పదు. వెచ్చటి నీళ్ళలో కాసేపు మునిగేవాళ్ళకి నైలాన్ చాలు. చన్నీళ్ళలో గంటలకొద్దీ ఉండేవాళ్ళకి ఓపెన్ సెల్లే శరణ్యం. సూటు మందంగా ఉందని మురిసిపోకండి. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపై, రబ్బరులోని గాలిబుడగలు సగానికి నలుగుతాయి. వెచ్చదనమూ తేలే గుణమూ తగ్గుతాయి. అందుకే సూటు మారిస్తే నడుముకి కట్టే బరువులూ మళ్ళీ సరిచూసుకోవాలి. ఏ సూటు వేసినా సరే, ఒంటరిగా మాత్రం మునక్కూడదు.

తెర మీద మనకి కనిపించేది పైమెరుపే. అమోర్గోస్‌లో నన్ను వణికించింది కనిపించని లోపలి గుడ్డ. మన ఊళ్ళో జాకెట్టు కుట్టే టైలరు అడిగే ప్రశ్నే అక్కడా ముందు అడగాల్సింది: “లైనింగ్ ఏం వెయ్యమంటారు?”