తూటా ఎక్కడ ఆగుతుంది?

దిల్‌సుఖ్‌నగర్‌లో మా గల్లీవాళ్లు నన్ను షికారీ సార్ అంటారు. ఆ పిలుపు నాకు నచ్చదు. షికారు 1972 వన్యప్రాణి చట్టంతోనే పోయింది. ఎల్బీనగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డెక్కితే వనస్థలిపురం దగ్గర తగిలే హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి. ఇప్పుడది కృష్ణజింకల జాతీయ పార్కు. ఆ గోడ పక్కనుంచే రైఫిల్ పెట్టెతో పల్లెలకు వెళ్తుంటాను. పంట మీద పడే అడవిపందులను, అనుమతి కాగితం చేతికొచ్చాకే, కాల్చడం నా పని.

కొత్త కుర్రాళ్లు మొదట అడిగేది తూటా ఎంత పెద్దదని. నేను చూసేది పంది వెనకాల ఏముందని.

నాది త్రీ వన్ ఫైవ్ రైఫిల్. మిలిటరీ వాడే త్రీ నాట్ త్రీని ఆంగ్లేయులు జనానికి దక్కనివ్వలేదు, అందుకే ఈ 8 ఎం.ఎం. బోరు మన దగ్గర పాతుకుపోయింది. త్రీ నాట్ త్రీ ఇప్పటికీ నిషిద్ధ బోరే. నా రైఫిల్‌లో వేసేది సాఫ్ట్ నోస్ తూటా. 244 గ్రెయిన్లు, అంటే దాదాపు 16 గ్రాముల బరువు. ముక్కు దగ్గర రాగి తొడుగు ఉండదు, సీసం బయటికే కనిపిస్తుంది. కండ తగలగానే విచ్చుకుని బలమంతా పంది ఒంట్లోనే ఖర్చు చేస్తుంది. మొత్తం తొడుగున్న సాలిడ్ ఏనుగుకో, అడవిదున్నకో పనికొస్తుందేమో గానీ మక్కచేలో ప్రమాదం. పందిలోంచి దూసుకుపోయి ఇంకా పరుగు మిగుల్చుకుంటుంది.

ట్వెల్వ్ బోర్ తుపాకీలో వేసే ఎల్జీ తూటా చాలదా అంటారు. అందులో ఆరే గుండ్లు. 30 గజాలు దాటితే చెదిరిపోతాయి. ముదురు మగపంది భుజం మీద గట్టి పీచులాంటి కవచం ఒకటుంటుంది, గుండు అందులోనే ఇరుక్కుపోవచ్చు. గాయపడ్డ పంది మక్కలో దూరితే ఇక దాని వెనక నడవడమంత చెడ్డ పని లేదు. అందుకే ముందు కాలి వెనకగా, ఒంట్లో కింది మూడో వంతు ఎత్తున గురిపెడతాను. గుండె అక్కడే ఉంటుంది.

మన నేలతో ఇంకో చిక్కుంది. రంగారెడ్డి, యాదాద్రి చేలలో ఎక్కడ చూసినా బండలే. బండకు తగిలిన తూటా ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. ఒక ఊళ్లో పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "సారూ, గుట్ట దిక్కు కొట్టకుండ్రి, ఆవల మా బర్లున్నయ్" అన్నాడు. తూటా సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసనిపించింది. అందుకే పొద్దుండగానే చేను చుట్టూ తిరిగి గుడిసెలు, మోటారు షెడ్లు, పశువుల కొట్టాలు చూసుకుంటాను. మంచె ఎక్కి కిందికి కాలిస్తే, తప్పినా తూటా దున్నిన మట్టిలోకే దిగుతుంది.

పడిన పందిని అటవీ సిబ్బంది ముందర పూడ్చిపెడతాం. మాంసం ఎవరికీ ముట్టదు.

ఏ తూటా తెస్తున్నారని ఫోన్ చేసే రైతులకు నేను చెప్పేదొకటే: ముందు మంచె కట్టించండి. మంచె లేని చేనుకు నేను రైఫిల్ తేను.