ఒక గంట తేడా

14 మార్చి 2018
తెల్లారేసరికి వార్త. హాకింగ్ పోయారు. ఈ ఊళ్లోనే, ఇంట్లోనే. కేంబ్రిడ్జికొచ్చి ఇన్నేళ్లు, ఆయన్ని చూసింది రెండుసార్లు. ఆ చక్రాల కుర్చీ కింగ్స్ పరేడ్ మీద వెళ్తుంటే, దూరం నుంచి.

మావాడు పళ్లు తోముకుంటూ ఆగాడు. "ఇవాళ ఐన్‌స్టీన్ పుట్టినరోజు కదమ్మా." నిజమే. హాకింగ్ పుట్టిందేమో గెలీలియో పోయిన రోజున. జనవరి 8. 1642, 1942. మూడొందల ఏళ్లు, ఒక్కరోజు తేడా లేదు.

"అయితే ఆయన గెలీలియోనే. ముందుకొచ్చేశాడు."

కాదు అనబోయి, ఎందుకో అనలేదు.

18 మార్చి
ఇంటికి ఫోన్. మనవడి మాట వినగానే అమ్మ, "పునర్జన్మే, ఇంకేంటి?" అంది. నాన్న ఒప్పుకోలేదు. ఆ రోజు రెండు లక్షల మంది పిల్లలు పుట్టుంటారని హాకింగే అన్నాడుట. మరి వాళ్లంతా ఎవరు?

నా మనసు హాకింగ్ తల్లి దగ్గర ఆగిపోయింది. లండన్ మీద బాంబులని కాన్పుకి ఆక్స్‌ఫర్డ్ వెళ్లింది. నిండు నెలలతో పుస్తకాల షాపుకెళ్లి నక్షత్రాల అట్లాస్ కొనుక్కుందిట. యుద్ధంలో. ఏం తోచి కొనుక్కుందో...

25 మార్చి
గడియారాలు గంట ముందుకి. ఓవెన్ మీది టైము మారుస్తుంటే తట్టింది.

28 జూన్ 2009. కాలంలో ప్రయాణించి వచ్చేవాళ్లకి హాకింగ్ పార్టీ ఇచ్చిన రోజు. బెలూన్లు, షాంపేన్. పిలుపులు పంపింది పార్టీ అయ్యాకే, ముందు ముందు పుట్టేవాళ్లకి మాత్రమే తెలియాలని. ఎవరూ రాలేదు. మావాడు పుట్టిన రోజు కూడా అదే. ఈ తేదీ సంగతి ఎప్పుడో తెలుసు. పార్టీ 12కి, వీడు 1:10కి, ఇన్నాళ్లూ అదే లెక్క. కానీ పిలుపులో రాసింది యూనివర్సల్ టైము. ఎండాకాలపు గంట తీసేస్తే వీడు 12:10కి పుట్టాడు.

ఆయన ఎదురుచూడ్డం మొదలుపెట్టిన పది నిమిషాలకి.

టీ చల్లారిపోయింది. ఇంకోటి కూడా తట్టింది. వీడి జాతకం. నేను 1:10 అని చెప్తే నాన్న ఐదున్నర గంటలు కలిపారు. నాలుగున్నరే కలపాలి. ఈ గంట గురించి నేనే చెప్పలేదు.

31 మార్చి
హాకింగ్ అంత్యక్రియలకి గ్రేట్ సెయింట్ మేరీస్ చర్చి ముందు నిలబడ్డాం. గంట 76 సార్లు కొట్టారు, ఏడాదికొకటి. వాడు నా వేళ్లు ముడిచి లెక్కపెట్టాడు. శవపేటికని ఆరుగురు కాలేజీ పోర్టర్లు మోశారు. పైన తెల్ల లిల్లీలు, తెల్ల గులాబీలు. లిల్లీలు విశ్వంట, గులాబీలు ధ్రువనక్షత్రంట. మౌనంగా ఉంటారనుకుంటే జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నాన్నకి ఇంకా చెప్పలేదు.

22 ఏప్రిల్
కార్పస్ కాలేజీ మూల గడియారం దగ్గర. 2008లో హాకింగే ఆవిష్కరించారు. బంగారు పళ్లెం, మీద మిడతలాంటి రాక్షసి పురుగు, నోరు తెరిచి నిమిషాలు మింగుతూ. సరైన టైము చూపించేది ఐదు నిమిషాలకోసారేట. ఓసారి ఆగినట్టుంటుంది, వెంటనే ఉరుకుతుంది.

"అది తిన్నవి ఎక్కడికెళ్తాయమ్మా?"

13 మే
వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో స్మారక సభ. వెయ్యి టికెట్లు, లాటరీ. ఫారంలో పుట్టిన తేదీ 2038 దాకా ఉంది! ఇంకా పుట్టనివాళ్లూ అడగొచ్చు. కాలంలో వెనక్కి పోవడాన్ని ప్రకృతి నియమాలే ఆపుతాయని 1992లో రాసింది ఆయనే. అయినా వాళ్లు ఆయన కోసం తలుపు తీసే ఉంచారు.

నా పేరున వేశాను.

15 జూన్
టికెట్ రాలేదు. పాతికవేల మంది అడిగారుట. న్యూటన్‌కీ డార్విన్‌కీ మధ్య హాకింగ్ అస్థికలు ఉంచారు. ఆయన గొంతుని ఒక కృష్ణబిలం వైపు పంపారు. చేరేసరికి 3,500 ఏళ్లు. మళ్లీ ఒక పిలుపు.

24 జూన్
నాన్నకి చెప్పేశాను. నలభై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. మొదటి మనవడి జాతకం, చేత్తో రాసి, మూలలకి పసుపు పెట్టి పంపారు. తప్పు నాదే నాన్నా, అన్నాను.

చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత పెన్ను వెతుక్కుంటున్న చప్పుడు. "మళ్లీ చెప్పమ్మా. గంట, నిమిషం."

27 జూన్
పొద్దున్నే నాన్న. లగ్నం మారలేదుట, కన్యే. నవాంశ మారింది. "కొత్తది రాస్తున్నా. చెయ్యి వణుకుతోంది, నాలుగు రోజులు పడుతుంది." గొంతులో ఎన్నాళ్లకో హుషారు. మూడు నెలలు ఎందుకు దాచాను?

28 జూన్
వాడికి తొమ్మిది. బడికెళ్లాడు. లంచ్ టైములో ఆఫీసు నుంచి నడిచి, హాకింగ్ ఆ పార్టీ ఇచ్చిన కీస్ కాలేజీ గేటు ముందు నిలబడ్డాను. ఒంటిగంట నుంచి 1:10 దాకా.

సైకిలు నడిపించుకుంటూ ఒక పిల్ల బయటికొచ్చింది. పోర్టరు ఒకసారి చూసి లోపలికెళ్లాడు. అంతే. పది నిమిషాలు అంత పొడుగుంటాయా. ఆయన ఇంకా ఎంతసేపు కూర్చున్నారో.

సాయంత్రం పులిహోర కలిపాను. పోపు కాస్త మాడింది.