పాత తుపాకి – క్రొత్త గురి

పాతవస్తువును బాగుచేయుటకును, పాడుచేయుటకును ఒక్క ఆకురాయియే చాలును. భేదము పనివాని చేతిలో కొంతయు, పని చెప్పువాని యాలోచనలో కొంతయు నుండును. మాతామహులనుండి మాకు సంక్రమించిన జోడుగొట్టముల తుపాకి విషయమున ఈ సంగతి మాకు ప్రత్యక్షముగా బోధపడినది. పాఠకులలో తుపాకి ముట్టనివారే పెక్కురు. అయినను ప్రతి గృహమునను ఇట్టి పాతసొత్తు ఏదో యొకటి యుండును గాన ఈ ముచ్చట వారికి పరాయిది కాదు.

ఆ తుపాకి ఇంగ్లండులోని బర్మింగ్‌హాము నగరమున తయారైనది, 12 బోరుది. ఒక పౌను సీసమును 12 సమానమైన గుండ్లుగా పోసినచో, అందొక గుండు పట్టునంతటి గొట్టమునకు 12 బోరని పేరు. మా మాతామహులు దానితో అడవికోళ్లను కొట్టిరి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. వేట మానవలసినదే యని మేమును నమ్మినవారము. కావున లైసెన్సును గడువునకు మార్పించుకొనుచు, గొట్టములకు నూనె రాయుచు, దానిని బీరువాలోనే యుంచితిమి. మా మేనల్లుడు మట్టిబిళ్లల నెగురవేసి కొట్టు పందెములు నేర్చి, లైసెన్సు సంపాదించుకొన్న పిమ్మట దానిని వానికిచ్చుటకు ఒప్పుకొంటిమి. అప్పుడు వాడొక కోరిక కోరెను: "మామయ్యా, నాకిచ్చే ముందు రెండు గొట్టాల చోకులూ పూర్తిగా తీయించెయ్యండి."

చోకనగా గొట్టపు మూతికడ నుంచు ఇఱుకు. ఇది యుండుటచే వెలువడు చిన్న సీసపుగుండ్లు త్వరగా చెదరక, గుంపుగా దూరము పోవును. న్యూకాజిల్ వాడైన విలియం పేప్ 1866లో దీనికి పేటెంటు పొందెను. 1874 ప్రాంతమున బర్మింగ్‌హాము తుపాకిపనివాడు గ్రీనరు దీనిని వృద్ధిచేసెను. 1875లో 'ఫీల్డు' పత్రికవారు లండనులో జరిపిన పరీక్షలతో దీని ప్రతిష్ఠ స్థిరపడెను. ఇఱుకు మిక్కిలి స్వల్పమైనది. నిండు చోకునకు అంగుళమును వేయి భాగములు చేసిన అందు 40 భాగములు. అర చోకునకు 20. పాతిక చోకునకు 10 మాత్రమే. 40 గజముల దూరమున 30 అంగుళముల వలయములో నిండు చోకు నూటికి 70 గుండ్లను నిలుపును. ఇఱుకే లేని గొట్టము 40 నిలుపును.

మట్టిబిళ్లల పందెములలో నొక తెగయందు బిళ్లలు ఇరువది గజముల దాపున దాటిపోవును. అంత దగ్గర నిండు చోకు గుంపు మిక్కిలి ఇఱుకుగా నుండును. తగిలిన బిళ్ల పొడియగును, తప్పిన పూర్తిగా తప్పును. వాని కోరికలో న్యాయమున్నది. మే మాలసించుట చూచి వాడు నిష్ఠురముగనే పలికెను: "పత్రికల్లో ఆచారాలు మార్చాలని రాస్తారు, ఇంట్లో పాత ఇనుమును మాత్రం పూజిస్తారు."

ఆ మాట మాకు తగిలినది. పాతది గనుక ముట్టరాదనుట మా మతము కాదు. పాతది గనుక కోయవలెననుటయు కాదు. ముందు పరీక్షింతమని, అనుమతిగల గురిమైదానమున తెల్లకాగితములు కట్టి, 40 గజములనుండి మేమే పేల్చితిమి. పాత తుపాకి గది పొడవు 2½ అంగుళములే గాన దానికి తగిన పొట్టితూటాలనే వాడితిమి. పొడుగుతూటా వేసిన ఒత్తిడి హెచ్చి అపాయము కలుగవచ్చును. ఒక ఔన్సు ఆరవ నంబరు సీసములో సుమారు 270 గుండ్లుండును. ఎడమ గొట్టము సగటున 205 గుండ్లను వలయములో నిలిపెను, కుడిది 180. తరువాత ఉన్ని బిరడాలుగల తూటాలు వేసిచూచితిమి. ఎడమది 185కును, కుడిది 162కును దిగెను. నేటి తూటాలలో గుండ్లను ప్లాస్టిక్కు గిన్నెలో నుంతురు. అది గుంపును మఱింత బిగించును. వాడు గొట్టముపై మోపిన దోషములో కొంత తూటాది!

అప్పుడు లైసెన్సుగల తుపాకిపనివానికడకు పోతిమి. 1959 ఆయుధచట్టము ప్రకారము ఇట్టిపని అనుమతిలేనివాడు చేయరాదు. గొట్టమును పొట్టిచేయుటకైతే ప్రత్యేకానుమతి కావలెను. అతడు గొట్టపు గోడల మందమును తావుతావున కొలిచెను. క్రొత్త తుపాకులవలె మరచోకు బిగింపవచ్చునా యని మేనల్లుడడుగగా, ఇంత పలుచని గోడలో మర కోయరాదని చెప్పెను. లోపలినుండి తొలుచు పనిముట్టు గొట్టపు నడిమిగీటున సరిగా నిలువవలెను. ప్రక్కకొరిగినచో గుంపు గురిని విడిచి పోవును. "తీసింది మళ్లీ పెట్టలేనండీ. సగం తీసి చూడమంటే చూస్తాను" అనెను. పండితుల సభలలో మే మిట్టి మాట వినలేదు.

మేనల్లుడు కొలతల కాగితమును తానే చదివి, చాలసే పూరకుండెను. తుదకు కుడిగొట్టమును మాత్రము అర చోకునుండి పాతిక చోకునకు సడలించుటకు ఇరువురము సమ్మతించితిమి. తొలిచినది అంగుళములో నూఱవవంతు. ఎడమదానిని ముట్టలేదు; దూరపు బిళ్లకు అది యున్నది. మరల పేల్చిచూడగా కుడిగొట్టము ఉన్ని బిరడాతో 148 గుండ్లు నిలిపెను, గుంపు నడుమనే పడెను.

సంస్కర్తలు రెండు తెగలవారు. లెక్కింపకయే కోయువారు కొందఱు. కోయవలసివచ్చునేమో యను భయమున లెక్కయే పెట్టనివారు కొందఱు. ఆ రెండవ తెగవారే తమ్ము పూర్వాచారపరాయణులని చెప్పుకొందురు. ఏ ఇఱుకు ఎవరికి ఎంత బాధించుచున్నదో కాగితముమీద గుండ్లు లెక్కించినట్లు లెక్కించినచో, తీయవలసినది ధైర్యముగా తీయవచ్చును, ఉంచవలసినది సిగ్గుపడక యుంచవచ్చును. తుపాకి మేనల్లునిపేర మారినదినమున ఆ చిల్లుల కాగితములను గూడ వాని కప్పగించితిమి. వాని తరువాతివారు మరల మార్పు కోరినచో లెక్క మొదటినుండి పెట్టుకొన నక్కఱలేదు.