చప్పుడుతో సహా

మార్టిన్ న్యూవెల్ అనే ఇంగ్లీషాయన 1982లో ‘మిడ్‌నైట్ క్లీనర్స్’ అని ఒక ఆల్బమ్ చేశాడు. స్టూడియో గడప తొక్కలేదు. ఎసెక్స్‌లో వివెన్‌హో అనే ఏటి ఒడ్డు ఊళ్లో, ఇంట్లోనే కానిచ్చాడు. బృందం పేరు ‘ది క్లీనర్స్ ఫ్రమ్ వీనస్’. పేరుకే బృందం, ఉన్నది న్యూవెల్, అతని స్నేహితుడు లాల్ ఇలియట్. పాటలన్నీ క్యాసెట్లకెక్కించి చేతులు మార్చుకున్నారు, పోస్టులో పంపుకున్నారు.

పంక్ హోరు తగ్గాక బ్రిటన్‌లో ఇలాంటివాళ్లు చాలామంది పుట్టుకొచ్చారు. 1979లో టియాక్ కంపెనీ పోర్టాస్టూడియో అనే రికార్డర్‌ను తెచ్చింది. మామూలు క్యాసెట్‌లో పక్కకు రెండు చొప్పున ఉండే నాలుగు ట్రాకుల్నీ అది ఒకే వైపు నడిపిస్తుంది. డ్రమ్స్, బేస్, గిటార్, గొంతు ఒకదాని తర్వాత ఒకటి ఒక్కడే నింపుకోవచ్చు. ఇక స్టూడియో యజమానిని బతిమాలడం దేనికి?

న్యూవెల్ డ్రమ్స్ కొన్నిచోట్ల రేకు డబ్బా మీద దరువేసినట్టే ఉంటాయి. బాణీలు మాత్రం మొదటి తరగతి. ఖరీదైన స్టూడియోలో అవి ఇంకా మెరిసేవేమో గానీ, అతని ఇంటి గది మాత్రం వినిపించేది కాదు.

అమెరికాలోని మోరిస్‌విల్‌లో కూర్చుని అవి వింటుంటే నాకు మన ఇళ్ల క్యాసెట్లే గుర్తొస్తాయి. ఐఎస్‌డీ కాల్‌కు జంకే రోజుల్లో టూ ఇన్ వన్‌ను నడిమింట్లో పెట్టి, ఇంటిల్లిపాదీ వంతులవారీగా మాట్లాడి, అమెరికా వెళ్లేవాళ్ల చేతికిచ్చేవారు. మా నాయనమ్మ మాట్లాడిందొకటి నా దగ్గరుంది. “ఏరా, వేళకు తింటున్నావా?” అని అడిగి ఆగుతుంది, జవాబు వస్తుందేమోనని. ఆ సందులో ఫ్యాను కిరకిర, వంటింట్లో కుక్కరు కూత, ఎవరో “అత్తయ్యా, మీరు మాట్లాడుతూనే ఉండండి” అని గుసగుస.

ఇలాంటివి ఎన్ని పోయాయో! క్యాసెట్ వీపున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేస్తే మళ్లీ రికార్డు కాదు. కానీ ఆ కన్నం మీద సెల్లోటేపు అంటించి పని కానిచ్చే ఘనులు ప్రతి ఇంట్లోనూ ఉండేవారు. తాతయ్యల గొంతుల మీద చిరంజీవి పాటలు ఎక్కింది అలాగే.

ఆల్బమ్‌లకైతే ఎవరో ఒకరు దిక్కవుతారు. క్లీనర్స్ తొలి క్యాసెట్లను 2012లో క్యాప్చర్డ్ ట్రాక్స్ అనే అమెరికా కంపెనీ ఎల్పీలుగా వేసింది. మాకు దగ్గర్లోనే చాపెల్ హిల్‌లో 1989లో పుట్టిన మెర్జ్ రికార్డ్స్ కూడా క్యాసెట్లతోనే మొదలై పెద్ద పేరు తెచ్చుకుంది. నాయనమ్మల క్యాసెట్లను ఎవరు వేస్తారు? గ్యారేజీలో, సూట్‌కేసు అడుగున పడుంటాయి.

ఇక్కడి మిత్రుడొకాయన తన క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాడు. చప్పుడు తీసేసే సాఫ్ట్‌వేర్ వాడితే టేపు సుయ్‌మనడంతో పాటు వాళ్లమ్మ పలికే ‘స’లు కూడా అరిగిపోయాయి. రెండూ ఆ పైస్థాయి శబ్దాలే మరి. “వద్దండీ, ఉన్నదున్నట్టు ఎక్కించండి” అన్నాను. ఆయన ఇప్పుడు ఒక్కో క్యాసెట్‌కూ రెండు ఫైళ్లు చేస్తున్నాడు. శుభ్రం చేసింది పిల్లలకట, చెయ్యనిది తనకట.